తామారును ఊరుకోమన్నదెవరు?

రెండవ సమూయేలు గ్రంథం 13వ అధ్యాయం మీద మన సంఘాల్లో ప్రసంగం వినపడడం అరుదు. 11, 12 అధ్యాయాలు తరచుగా వింటాం. దావీదు పాపం, నాతాను గద్దింపు, రాజు పశ్చాత్తాపం మనకు బాగా పరిచయం. అక్కడినుంచి గబగబా అబ్షాలోము తిరుగుబాటులోకి వెళ్లిపోతాం. ఈ రెండింటి మధ్య దావీదు కుమార్తె తామారు ఉంది. సెమినరీలో చదువుకునే రోజుల్లో మేము కూడా ఈ అధ్యాయాన్ని సింహాసనం కోసం జరిగిన పోరాటంలో ఒక మెట్టుగానే చదివాం, పరీక్ష రాశాం. ఆ అమ్మాయి ఏమైపోయిందని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

కథ తెలిసినవారే అయినా ఒకసారి నెమ్మదిగా చూడండి. అమ్నోను ఆమెకు సవతి అన్న. అతనికి యెహోనాదాబు అనే స్నేహితుడున్నాడు, మహా కపటి. ఉపాయం అతనిదే. జబ్బుచేసినట్టు పడుకో, నిన్ను చూడడానికి తండ్రి వస్తాడు, చెల్లెలు వచ్చి నా కళ్లెదుటే వండిపెడితే తింటానని అడుగు అన్నాడు. దావీదు వచ్చాడు, నమ్మాడు, తానే కబురుపెట్టి కూతురిని పంపించాడు. తామారు ఆ ఇంటికి తనంతట తాను వెళ్లలేదు. తండ్రి పంపితే, రోగికి సేవచేయడానికి వెళ్లింది. పిండి పిసికి అప్పాలు చేసింది. అప్పుడు అమ్నోను గదిలో ఉన్నవారినందరినీ బయటికి పంపేశాడు.

జాలి పుట్టించడం, పెద్దల నమ్మకాన్ని వాడుకోవడం, మంచి మనసును ఎరగా చేసుకోవడం, చివరకు చుట్టూ ఉన్నవారిని ఒక్కొక్కరినే తప్పించడం. మూడువేల ఏళ్ల నాటి ఈ పద్ధతే నేడు మన పిల్లల ఫోన్లలో నడుస్తోంది. తేడా ఒక్కటే. ఆనాడు తామారు వీధి దాటి మరో ఇంటికి వెళ్లవలసి వచ్చింది. ఈనాడు అమ్మాయి మన ఇంట్లో, మన పక్క మంచం మీద, దుప్పటి కప్పుకుని ఉండగానే ఆ గది తలుపు మూసుకుపోతుంది.

మేము చేసిన తప్పు

కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక ఒక తల్లి చెప్పుల దగ్గరే నిలబడిపోయింది. (ఆ కుటుంబాన్ని ఎవరూ పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాం.) "అయ్యగారూ, పాప ఫోనులో ఏదో జరిగిందండీ" అంది. ఆపైన మాట రాలేదు. పాప పదో తరగతి. క్రిస్మస్ కార్యక్రమంలో ఒంటరిగా ఒక పాట పాడితే ఆ వీడియోను మన యూత్ వారే పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టారు. వారం తిరక్కుండా ఒక సందేశం వచ్చింది. ప్రైజ్ ద లార్డ్ సిస్టర్, మీ స్వరంలో అభిషేకం ఉంది అని. తాను వేరే జిల్లాలో బైబిలు శిక్షణ పొందుతున్న పందొమ్మిదేళ్ల కుర్రవాడినని చెప్పుకున్నాడు. రోజూ పొద్దున్నే ఒక వాక్యం పంపేవాడు. ప్రార్థన మనవులు అడిగేవాడు. ఆ అమ్మాయి తన తండ్రి తాగి వస్తున్న సంగతి, స్నేహితులకు కూడా చెప్పనిది, అతనికి చెప్పుకుంది. మన ఇద్దరి మధ్యే ఉండాలి, మీ అమ్మకు తెలిస్తే అపార్థం చేసుకుంటుంది అన్నాడు. రెండు నెలలు అలా గడిచాయి. మొదట ఒక మామూలు ఫొటో అడిగాడు, తర్వాత మరొకటి. అడగకూడనిది అడిగేనాటికి కాదంటే స్నేహం పోతుందన్న భయం ఆమెకు అలవాటైపోయింది. అది చేతికి అందిన గంటలోనే అతని భాష మారింది. డబ్బు పంపు, లేదంటే మీ సంఘం గ్రూపులో పెడతాను అన్నాడు. గ్రూపులో ఎవరెవరున్నారో పేర్లు కూడా రాసి పంపాడు.

మేము ఏం చేశాం? ఆ తల్లితో కలిసి మోకాళ్లూని ప్రార్థించాం. దానికి మేము విచారించడం లేదు. కానీ లేచాక చెప్పిన మాటకు ఇప్పటికీ విచారిస్తున్నాం. "ఊరుకోండమ్మా, బయటికి పొక్కితే పిల్ల భవిష్యత్తు పాడవుతుంది. ఫోను తీసేసుకోండి, నెంబరు మార్చేయండి, దేవుడు చూసుకుంటాడు" అన్నాం. ఆ రాత్రి తండ్రి రోకలిబండతో ఆ ఫోనును ముక్కలు చేశాడు. అతను పంపిన బెదిరింపులు, అతని నెంబరు, డబ్బు అడిగిన ఖాతా వివరాలు, పోలీసులకు పనికొచ్చే సాక్ష్యంలో చాలా భాగం ఆ ముక్కలతో పోయింది. ఆ అమ్మాయికి దెబ్బలు కూడా తగిలాయి. అతనేమో ఆగలేదు. ఆమె తరగతి పిల్లలను వెతికి పట్టుకుని వారికి పంపడం మొదలుపెట్టాడు. ఆమె బడికి వెళ్లడం మానేసింది, అన్నం మానేసింది. ఇదంతా తొమ్మిది రోజుల్లో.

స్త్రీల సమాజంలో రిటైరైన టీచరు గారొకరున్నారు. ఆమెకు మేమెవరమూ ఏమీ చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు హైస్కూలు పిల్లల ముఖాలు చూసినవారు కనుక, ఆ ఇంటికి వెళ్లి అమ్మాయి పక్కన కూర్చుని ఒకే ప్రశ్న అడిగారట. నువ్వేం చేశావు అని కాదు, నిన్ను ఎవరైనా భయపెడుతున్నారా అని. మరునాడు తల్లిని, బిడ్డను వెంటపెట్టుకుని పోలీసుల దగ్గరకు వెళ్లింది ఆమే. కొన్ని వారాలకు మనిషి దొరికాడు. అతనికి నలభై దాటాయి, ఏ బైబిలు స్కూలుతోనూ సంబంధం లేదు. కేసు కోర్టులో ఉంది కాబట్టి అంతకుమించి రాయకూడదు.

టీచరు గారు మా ఇంటికి వచ్చి జరిగినదంతా చెప్పి వెళ్లిన రాత్రి మేము 2 సమూయేలు 13 తీశాం. 20వ వచనం దగ్గర ఆగిపోయాం. చిరిగిన వస్త్రంతో, తలమీద బూడిదతో ఏడుస్తూ వచ్చిన చెల్లెలిని అబ్షాలోము ఊరుకోమంటాడు, వాడు నీ అన్నే కదా, మనసులో పెట్టుకోకు అంటాడు. తోడబుట్టినవాడే, ప్రేమ ఉన్నవాడే. మరుసటి వచనంలో దావీదుకు మిక్కిలి కోపం వచ్చిందని ఉంది, అంతే. ఏమి చేశాడో లేదు, ఎందుకంటే ఏమీ చేయలేదు. పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదంలో ఇక్కడ ఒక వాక్యం అదనంగా కనిపిస్తుంది. అమ్నోను తన జ్యేష్ఠ కుమారుడు గనుక అతని మనసు నొప్పించడం దావీదుకు ఇష్టం లేకపోయిందని దాని భావం. మృతసముద్రం దగ్గర దొరికిన సమూయేలు ప్రతిలో కూడా ఆ మాట జాడలున్నాయని పండితులు చెబుతారు. పరువు కోసం ఒకరు, కొడుకు మీది ప్రేమ కోసం ఒకరు ఊరుకున్నారు. రెండేళ్ల తర్వాత గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగలో అమ్నోను హత్య, ఆ తర్వాత అంతర్యుద్ధం. తామారు మాత్రం అన్న ఇంట్లో దిక్కులేనిదై ఉండిపోయిందన్న మాటతో కథనం నుంచి తప్పుకుంటుంది.

చట్టం మనల్ని ఏమంటోంది

మేము ఆ తొమ్మిది రోజులు ఊరుకోవడం ఆత్మీయంగానే కాదు, చట్టరీత్యా కూడా తప్పు. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టంలోని 19వ సెక్షను ప్రకారం, పద్దెనిమిదేళ్లలోపు బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు చెప్పి తీరాలి. జరిగే ప్రమాదం ఉందని అనిపించినా చెప్పాలి. పాస్టరుకు, సంఘ పెద్దకు మినహాయింపు లేదు. చెప్పకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థను నడిపేవారు తమ కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిపెడితే ఏడాది వరకు. హాస్టళ్లు, బడులు, అనాథ శరణాలయాలు నడుపుతున్న మన మిషనులు ఈ మాట గోడమీద రాసుకోవాలి. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద కేసులేమీ ఉండవని కూడా అదే చట్టం హామీ ఇస్తోంది.

మన వారు పోలీసు స్టేషను అనగానే హడలిపోతారు. ఆ భయం కొంత తగ్గించే ఏర్పాట్లు చట్టంలో ఉన్నాయి. బిడ్డ మాటను ఇంటి దగ్గరే, లేదా బిడ్డ కోరిన చోట నమోదు చేయాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం లేకుండా రావాలి. బిడ్డను రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదు. పేరు, ఊరు, బడి, ఫొటో పత్రికల్లో రాకూడదు. ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఇదే రక్షణ. నిజమైన చిత్రమే కానక్కరలేదు, కంప్యూటరుతో తయారుచేసిన చిత్రాన్ని చూపి బిడ్డను బెదిరించినా 11వ సెక్షను కింద నేరమే. కృత్రిమ మేధతో ముఖాలు అతికించే ఈ రోజుల్లో ఈ మాట చాలామంది తల్లిదండ్రులకు తెలియాలి. పిల్లలను ఇంటర్నెట్‌లో లైంగిక ఉద్దేశంతో మచ్చిక చేసుకోవడం ఐటీ చట్టంలోని 67బి సెక్షను కింద విడిగా నేరం. మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా.

ఇంకొకటి. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు మద్రాసు హైకోర్టు తీర్పును కొట్టేస్తూ, పిల్లల అశ్లీల చిత్రాలను ఫోనులో దాచుకోవడం, చూడడం కూడా నేరమేనని చెప్పింది. చైల్డ్ పోర్నోగ్రఫీ అన్న మాటే వాడవద్దని, అది పిల్లలపై జరిగిన దోపిడీకి, హింసకు రుజువు అని గుర్తుచేసింది. గ్రూపులో వచ్చింది, చూశాం, మరొకరికి పంపాం అనేవారు మన సంఘాల్లో లేరని మేము ప్రమాణం చేయలేం.

ఒక కెనడా అమ్మాయి

కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రానికి చెందిన అమాండా టాడ్ కథ ప్రపంచానికంతటికీ తెలుసు. ఏడవ తరగతిలో ఉండగా వెబ్‌క్యామ్ ముందు ఎవరో పొగిడి, బతిమాలి చేయించిన ఒక్క క్షణపు పొరపాటును ఒక వ్యక్తి పట్టుకున్నాడు. మరిన్ని చిత్రాలు చూపకపోతే అందరికీ పంపుతానని వెంటపడ్డాడు, పంపాడు. ఆమె బళ్లు మారింది. ఎక్కడికి వెళ్లినా ఆ చిత్రం ముందే వెళ్లి కూర్చునేది. 2012 సెప్టెంబరులో ఆమె ఒక వీడియో పెట్టింది. ఒక్క మాట మాట్లాడదు. కాగితపు అట్టల మీద తన కథ రాసి ఒక్కొక్కటే కెమెరా ముందు తిప్పుతుంది, తనకు తోడుగా ఒక మనిషి కావాలని చెబుతుంది. ఆ ఏడాది అక్టోబరు 10న ఆమె ప్రాణం తీసుకుంది. అప్పటికి పదిహేనేళ్లు.

వెంటపడినవాడు అయిదిన్ చోబాన్, నెదర్లాండ్స్ దేశస్థుడు, ముప్ఫై దాటినవాడు. సముద్రం అవతల కూర్చుని, రకరకాల దొంగ పేర్లతో. 2014లో అక్కడి పోలీసులు పట్టుకున్నారు. ఇతర బాధితుల కేసుల్లో 2017లో అక్కడే దాదాపు పదకొండేళ్ల శిక్ష పడింది. 2020లో కెనడాకు అప్పగించారు. 2022 ఆగస్టులో అమాండా కేసులో దోషిగా తేలాడు, అక్టోబరులో పదమూడేళ్ల శిక్ష వేశారు. శిక్షను తమ చట్టానికి సరిపోల్చిన నెదర్లాండ్స్ కోర్టు 2023లో దానిని ఆరేళ్లకు తగ్గించింది. బిడ్డ పోయిన పదేళ్లకు గాని తీర్పు రాలేదు. ఆ పదేళ్లూ తల్లి క్యారల్ టాడ్ ఊరుకోలేదు. బళ్లకు, సభలకు తిరిగి కూతురి పేరు పలుకుతూనే ఉంది.

ఇది ఆడపిల్లల సమస్యేనని మగపిల్లల తల్లిదండ్రులు ధీమాగా ఉంటారు. 2022 మార్చిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జోర్డన్ డిమే అనే పదిహేడేళ్ల కుర్రవాడికి రాత్రివేళ ఒక అమ్మాయి పేరుతో సందేశం వచ్చింది. ఆ ఖాతా వెనుక ఉన్నది నైజీరియాలోని అన్నదమ్ములు. ఫొటో చేజిక్కగానే వెయ్యి డాలర్లు అడిగారు. ఉన్న మూడు వందలు పంపాడు. ఇంకా కావాలన్నారు. తెల్లవారేసరికి తల్లిదండ్రులకు కొడుకు లేడు. రెండు నెలల పరిచయం లేదు, ప్రేమా లేదు, ఒక్క రాత్రిలో ముగిసిపోయింది. ఆ ఇద్దరికీ 2024 సెప్టెంబరులో చెరి పదిహేడున్నర ఏళ్ల శిక్ష పడింది. డబ్బు ఇస్తే వదిలేస్తారనుకోవడం ఎంత పొరపాటో ఈ కేసు చెబుతుంది.

ఆ కుర్రవాడు పక్క గదిలో ఉన్న వారిని లేపలేకపోయాడు. ఎందుకు లేపలేకపోయాడన్నది మమ్మల్ని వెంటాడే ప్రశ్న. మా అమ్మాయి కూడా రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. మేము యూత్ మీటింగుల్లో పరిశుద్ధత గురించి ఎన్నో ప్రసంగాలు చేశాం. ఒకసారి చేజారితే అద్దం పగిలినట్టే, మళ్లీ అతకదు అన్న ఉదాహరణ మేమే చాలాసార్లు వాడాం. మైకులో బాగా పండే ఉదాహరణ. ఆ అమ్మాయి ముందు వరుసలోనే కూర్చుని విన్నది. పగిలిన అద్దం ఎవరి దగ్గరకు వెళుతుంది చెప్పండి.

ఏదెనులో ఆదాము, హవ్వ తాము నగ్నంగా ఉన్నామని తెలిసి భయపడి దాక్కున్నారు. వారు నిజంగానే తప్పు చేసినవారు. అయినా దేవుడే వెతుక్కుంటూ వచ్చి ఎక్కడున్నావని పిలిచాడు. తీర్పు చెప్పిన తర్వాత కూడా, తోటనుంచి పంపేముందు, తానే చర్మపు చొక్కాలు చేయించి తొడిగించాడు (ఆది 3:21). మోసపోయిన బిడ్డకు ఇంతకంటే తక్కువ చేస్తామా? ఆదికాండం 9వ అధ్యాయంలో మరో దృశ్యం ఉంది. గుడారంలో వస్త్రహీనుడై పడివున్న తండ్రిని హాము చూసి, బయటికి వచ్చి అన్నదమ్ములకు చెప్పాడు. షేము, యాపెతు ఒక వస్త్రం భుజాలమీద వేసుకుని, చూడకుండా వెనుకకు నడిచి వెళ్లి కప్పారు. ఒక పిల్ల ఫొటో గ్రూపులోకి వచ్చినప్పుడు మన సంఘంలో హాములు ఎందరో, వెనుకకు నడిచేవారు ఎందరో ఆ రోజే తేలిపోతుంది. ఇక్కడ కప్పడమంటే నేరాన్ని కప్పిపెట్టడం కాదని వేరే చెప్పనక్కరలేదు. కప్పవలసింది బిడ్డను.

ఆ గంటలో ఏం చేయాలి

బిడ్డ నోరు తెరిచిన మొదటి గంట ముఖ్యం. కొట్టవద్దు, ఫోను పగలగొట్టవద్దు. నువ్వు చెప్పావు, మంచి పని చేశావు అన్న మాట ముందు రావాలి. డబ్బు పంపవద్దు. సందేశాలు, అతని ఖాతా పేరు, నెంబరు, డబ్బు అడిగిన యూపీఐ వివరాలు చెరిపేయకుండా అలాగే ఉంచి, ఆపైన మాటలు ఆపేసి అతన్ని బ్లాక్ చేయాలి. బిడ్డ ఫొటోను మాత్రం కాపీ తీయవద్దు, సలహా కోసమని ఎవరికీ పంపవద్దు, పాస్టరుకు కూడా వద్దు. ఫోనును ఉన్నదున్నట్టు పోలీసుల చేతికి ఇవ్వాలి. స్టేషనుకు వెళ్లడానికి జంకేవారు పిల్లల సహాయ నెంబరు 1098కు, సైబర్ నేరాల నెంబరు 1930కు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో పిల్లలపై నేరాలకు పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది. పద్దెనిమిదేళ్లలోపు తీసిన చిత్రాల వ్యాప్తిని ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. చిత్రం మన ఫోను దాటి వెళ్లదు, దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే ఆ సేవలో చేరిన కంపెనీలకు వెళుతుంది. బిడ్డ తిండి, నిద్ర మానేసినా, బతకాలని లేదన్నా ఒంటరిగా వదలవద్దు. టెలిమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఫోనే వద్దంటే సరిపోతుంది కదా అని పెద్దలు అడుగుతారు. 2020లో కరోనా వచ్చి పాఠాలు ఫోనులోకి వెళ్లినప్పుడు అప్పుచేసి మరీ కొనిచ్చింది మనమే. ఆరాధనలు కూడా అందులోనే జరిపాం. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఇంట్లో అందరి ఫోన్లు, నాన్న ఫోనుతో సహా, హాలులో ఒకచోట చార్జింగ్‌కు పెట్టే ఇళ్లు మా సంఘంలో కొన్ని ఉన్నాయి. నాన్న ఫోను రాని ఇళ్లలో ఆ ఏర్పాటు రెండు వారాలు కూడా నిలవలేదు.

సంఘంగా మేము కొన్ని మార్చుకున్నాం. వీబీఎస్ ఫొటోల్లో పిల్లల పేర్లు పెట్టడం మానేశాం. దగ్గరనుంచి తీసిన ముఖాలు బయట పెట్టడం లేదు. యూత్ గ్రూపులో ఇద్దరు పెద్దలు, అందులో ఒకరు స్త్రీ, తప్పనిసరి. సండేస్కూలు టీచరైనా, యూత్ లీడరైనా, మేమైనా, పిల్లలకు విడిగా సందేశాలు పంపకూడదు. కౌన్సెలింగ్ తలుపు తీసే జరగాలి. కమిటీలో దీనిమీద గొడవ జరిగింది. సేవకులనే అనుమానిస్తారా అన్నారు. యోహాను 10లో ప్రభువు చెప్పిన దొంగ గొర్రెలదొడ్డి వాకిలి గుండా రాడు, మరో దారిన ఎక్కి వస్తాడు. మా అమ్మాయి దగ్గరకు వచ్చినవాడు ప్రైజ్ ద లార్డ్ అనే కదా వచ్చాడు. చివరికి తీర్మానం నెగ్గింది, ఇద్దరు పెద్దలు సంతకం పెట్టకుండానే.

రిటైరైన టీచరు గారు ఇప్పుడు ప్రతి రెండో ఆదివారం ఆరాధన తర్వాత ప్రాంగణంలోని వేపచెట్టు కింద ఒక గంట కూర్చుంటారు. పక్కన ఒక ఖాళీ కుర్చీ వేసుకుంటారు, అంతే. అందరికీ కనబడే చోటు, కానీ మాటలు వినబడనంత దూరం. మొదటి ఆరు నెలలు ఎవరూ రాలేదు, ఆమె స్వెట్టరు అల్లుకుంటూ కూర్చున్నారు. ఆ తర్వాత ఆడపిల్లలు రావడం మొదలైంది. పోయినసారి తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు క్రికెట్ బ్యాటు పట్టుకుని చాలాసేపు చెట్టు చుట్టూ తిరిగి, చివరకు ఆ కుర్చీలో కూర్చున్నాడు. మేము గుడి తాళం వేయకుండా లోపలే ఉండిపోయాం. గంటన్నర పట్టింది.